తలకాడి బిళ్ళ

మా ఊరి కోట గవనిని చూసేదానికి ఇప్పుడు యాడాడి నుంచో కార్లలో వస్తాండారు. గవని అంటే కోట పెద్ద వాకిలి. దాని ముందర నిలబడి ఫోటోలు దిగుతారు, చిప్స్ తిని కవర్లు అగడ్తలో పారేస్తారు, బురుజు మూలకు పోయి ఉచ్చ పోసుకొని జిప్పు పైకి లాక్కుంటా వస్తారు. నాకు ఆ గవని ఎంగిలి విస్తరాకు మీద ఈగలు ముసిరినట్ల కనపడతాది. ఎందుకంటే ఆ గవని నెత్తిన, నట్టనడుమ, మా ఇంటాయప్ప బొంద బిళ్ళ తెచ్చి అతికిచ్చినారు. సచ్చినోని తలకాడ ఉండేదాన్ని పెళ్ళి పందిరికి కట్టినట్ల కట్టినారు.

నాకు సంతకం వస్తాది, బస్సు బోర్డు కూడబలుక్కుంటా, అంతకు మించి చదువు లేదు. అందుకే చెప్తాండా, రాసే ఆయమ్మ రాస్తాండాది. నా మాటలు కడిగి ముగ్గు పెట్టొద్దమ్మా, ఉన్నట్లే రాయి అని ముందే చెప్పినా.

మాది కణేకల్ అవతల, కన్నడ పొలిమేర కాడ ఊరు. కాలవ నీళ్ళు మా దాకా రావు. కాలవ కింద వాండ్లు వరి నాట్లు వేస్తాంటే మేము పోయి కూలికి వంగుతాం, అంతే. మాకు ఉండేది ఎర్రనేల, గుండ్లు, వానొస్తే పండే శెనక్కాయ, ఆ కోట. ఎవురో పాలెగాడు కట్టించినాడంటారు. వాని కంటే ముందు ఇంకెవురో అని ఇంకొకరంటారు. ఆ పక్కనుంచి దండు వస్తాదని ఈ పక్క కాపలా. మా అత్తగారోళ్ళ పెద్దలు ఆ కోటకు కాపలా కాసినోళ్ళు. ఒక్కో వంశానికి ఒక్కో బురుజు. దండు వచ్చెనో లేదో నాకు తెలీదు గాని, కాపలా కాసినోళ్ళకు మిగిలింది మాత్రం ఈ గుండ్లే.

కోటగోడ కింద రాయి, పైన కాల్చిన మట్టి బిళ్ళలు. ఇప్పటి ఇటుక మాదిరి కాదు. వెడల్పుగా, పలచగా, రొట్టె తట్టే పీట అంత ఉంటాయి. ప్రతి బిళ్ళ మీద ఒక అచ్చు గుర్తు కొట్టి ఉంటాది. ఒక బురుజు బిళ్ళలకు చేప, ఇంకొక దానికి మూడు గీతలు, మా బురుజుకు బండి చక్రం.

మా ఊర్లో కాపలా వంశాలోళ్ళు సచ్చిపోతే కాల్చరు, పూడుస్తారు. గుంత పూడ్చినాక ఆ వంశం బురుజు కింద రాలిపడిన బిళ్ళ ఒకటి తెచ్చి తలకాడ పెడతారు. రాలిందే తేవాల, గోడలోంచి పీకగూడదు. పేరు రాసేది లేదు, రాసినా చదివేటోళ్ళు యాడుండారు? ఎవురి బిళ్ళకు యా మూల విరిగిందో, ఎవురిది వంకరో, ఆ ఇంటి ఆడోళ్ళకు తెలుసు. ఇంకొకటి. బొంద మీద పెట్టేదాకా అది ఉత్త మట్టి బిళ్ళ. పిల్లోళ్ళు దాని మీద కూర్చుంటారు, మేము మిరపకాయలు ఎండేస్తాం. తలకాడ పెట్టినాక మటుకు దాన్ని ముట్టుకుంటే మైల. ఇంటికొచ్చి తలకు పోసుకోవాల్సిందే.

మా ఇంటాయప్ప, నా మొగుడు, మేకలు కాసేటోడు. మధ్యాహ్నం పూట ఆ బురుజు నీడన పండుకునేటోడు. ఒకసారి గాలివాన కొట్టి బురుజు అంచు కూలితే ఒక బిళ్ళ దొరికిందంట. చక్రం అచ్చు మీదనే సగం పడేట్ల ఒక మేక గిట్ట ముద్ర. పచ్చిమట్టి ఆరేసినప్పుడు యాదో మేక తొక్కి పోయుంటాది. ఆయప్ప దాన్ని నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చినాడు.

"చూడే, ఆ కాలంలో గూడా మేకలు చెప్పిన మాట వినలే" అని నవ్వినాడు.

"బొందకు పెట్టేదాన్ని ఇంట్లోకి తెస్తావా, బుద్ధుండాదా నీకు?" అని తిట్టినా.

"ఇది నాది. నేను పోతే నా తలకాడ ఇదే పెట్టు. ఆ పొద్దు నువ్వు ఏడ్చుకుంటా తప్పుడు బిళ్ళ పెడతావేమో, అందుకే ముందే చెప్తాండా."

తర్వాత కొన్నేండ్లకు ఆయప్పకు కామెర్లు వచ్చినాయి. పసరు పోయించినాం, కట్టు కట్టించినాం, కండ్లు పసుపుముద్దలైనాక గుంతకల్లు ఆస్పత్రికి ఎత్తుకుపోయినాం. ఆలస్యమైందన్నారు. ఆ బిళ్ళే పెట్టినా. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఉండె, అది నాది అని మా మరిదితో అందరి ముందర చెప్పినా. మాకు బిడ్డలు లేరు. నన్ను ఎవురు ఎత్తుతారో తెలీదు గాని, యాడ పెట్టాల్నో తెలుసు, ఆ బిళ్ళ ఉన్నంతకాలం ఎవురికి చెప్పినా తెలుస్తాది అని ధైర్యంగా బతుకుతాంటి. నాకు ఆస్తి అంటే ఆ చోటే.

మొన్న మొన్న కోట బాగు చేస్తామని వచ్చినారు. పెద్ద బోర్డు పెట్టినారు, దాని మీద చేతులు జోడించిన మొగాలు. కంట్రాక్టరు పట్నమాయప్ప. తెల్ల చొక్కా, సెంటు వాసన, మా ఊరి బావి నీళ్ళు తాగడు, చేతులు కడుక్కునేదానికి గూడా బాటిలే. ఊర్లో ఆడోళ్ళందరం కూలికి పోయినాం, నేను గూడా. తట్టతో గార మోసేది నా పని.

ఆ పని చూస్తే థూ అని ఊసాలనిపిస్తాది. పాత గోడకు సున్నమే వాడాలంట, అందుకని పైన ఆఫీసరు వచ్చే పొద్దు సున్నం నానబెట్టిన తొట్టి ముందర పెడతారు. ఆయప్ప జీపు దుమ్ము అణిగినాక సిమెంటు మూటలు బయటికొస్తాయి. కొత్త ఇటుకలు తెచ్చి వాటి మీద ఎర్రమట్టి, టీ డికాషను కలిపి పూస్తారు, పాతగా కనపడాలని. టీ పూసిన గోడ మీద చీమలు పట్టినాయి. ఆ చీమలు చూసి బేల్దారి, అంటే గోడ కట్టే మేస్త్రి, నన్ను చూసి నవ్వినాడు. "అత్తా, మన కోటకు చక్కెర జబ్బు వచ్చినాది" అన్నాడు. వాడు మంచోడే. కడుపు కోసం మూతి కుట్టుకున్నోడు.

అట్ల ఉన్నప్పుడు ఒక మేడం వచ్చినాది. పెద్ద చదువు చదివిన మనిషి, కాటన్ చీర, మెడలో కెమెరా. బిళ్ళల మీద గుర్తులు చూసేది ఆయమ్మ పని. ఎండలో మోకాళ్ళ మీద కూర్చొని చిన్న కుంచెతో దుమ్ము ఊడుస్తాది. పసిబిడ్డ ముడ్డి తుడిచినట్ల అంత మెల్లగా. మా ఆడోళ్ళు నవ్వినారు. నేను నవ్వలే, ఎందుకంటే మా కోటను అంత అక్కరతో ముట్టుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలే.

టీ తాగేటప్పుడు ఆయమ్మ నన్ను అడిగినాది. "అమ్మా, ఈ చక్రం గుర్తు ఎవరిదని చెప్తారు మీరు?"

"మాదే. మా వంశానిది."

"నేననుకోవడం, ఇది బిళ్ళలు చేసినవాళ్ళ గుర్తు. ఒకే బట్టీలో నలుగురు చేస్తే ఎవరి బిళ్ళలు ఎవరివో తెలియాలి కదా. అందుకని."

"చేసినోనిదో కాసినోనిదో మేడం, ఇప్పుడైతే సచ్చినోనిది" అంటి. ఆయమ్మకు అర్థం కాలే. చెప్పినా. బొందలు, తలకాడి బిళ్ళలు, అంతా చెప్పినా. ఆయమ్మ టీ గ్లాసు కింద పెట్టేసినాది.

అప్పుడు ఆయమ్మ రోము అని ఒక దేశం సంగతి చెప్పినాది. ఎప్పటిదో పాత కాలం. ఆ దేశం పొలిమేర ఒక పెద్ద ఏరంట. ఏటి ఒడ్డున పొడుగునా కోటలు. అవతల గట్టు నుంచి వేరే దండు వస్తాదని ఈ గట్టున సిపాయిలు కాపలా. ఇటుకలు, ఇంటి పెంకులు ఆ సిపాయిలే చేసుకుంటారంట, పచ్చిగా ఉన్నప్పుడు వాళ్ళ దండు గుర్తు అచ్చు కొడతారంట. ఇప్పుడు ఆ పెంకు ముక్క దొరికితే యా కోట యా దండు కట్టిందో చెప్పొచ్చంట. ఆఖరికి పైన రాజులు కొట్లాడుకొని పొలిమేరను మర్సిపోయినారు. జీతాలు సరిగ్గా రాలే, కొత్త పెంకులు చేసేవాళ్ళు లేరు. పాత గోడల నుంచి పీకి అతుకులేసుకున్నారు. సచ్చిపోయినోళ్ళను పూడ్చేదానికి గూడా ఆ అచ్చు పెంకులే, రెండు పక్కలా వాల్చి చిన్న ఇల్లు మాదిరి కప్పేటోళ్ళంట.

నేను ఆ మాట మీద శానా సేపు గార మొయ్యలే. జీతం రాని కాపలాదారు తన కప్పు పీకి తన సచ్చినోనికి కప్పినాడు. ఎవురో, యాడోళ్ళో, మా మాట తెలీనోళ్ళు. అయినా నాకు బాగా తెలిసినోళ్ళ మాదిరి అనిపించినారు.

"మీ బొందలగడ్డ చూడొచ్చా?" అని మేడం అడిగినాది. నేను పొద్దు మునిగేలోపల పని ఇడిసిపెట్టలేను గదా, మా మరిది తగులుకున్నాడు. చదువుకున్న ఆడమనిషి పక్కన నడిచేదానికి వానికి ఉత్సాహం. తీసకపోయి అన్నీ చూపిచ్చినాడు. మా ఆయప్ప మేకగిట్ట బిళ్ళ గూడా తిప్పి చూపిచ్చినాడు. మేడం పొంగిపోయి వెనక్కి వచ్చినాది. కంట్రాక్టరు ముందర నిలబడి, "ఈ అచ్చు బిళ్ళలే ఈ కోటకు ప్రాణం సార్. ఇవి లేకపోతే మీరు కట్టేది కోట కాదు, కాంపౌండు గోడ. గవని మీద ఇట్లాంటివి కనపడాలి" అన్నాది. పాపం ఆయమ్మ మనసులో ఏముండాదో నాకు తెలుసు. కోటలో మట్టి తవ్వి వెతకమని. కంట్రాక్టరు చెవికి వినపడింది వేరే.

జ్వరమొచ్చి నేను వారం పొద్దులు పనికి పోలే, లేచేసరికి అమాస వచ్చినాది. అమాసకు నేను సంగటి ముద్ద, చెంబు నీళ్ళు తీసకపోయి ఆయప్ప తలకాడ పెట్టి వస్తా. పోయి చూస్తే బొందలగడ్డ లేదు. నేల ఉండాది, బొందలు లేవు. జేసీబీ పండ్ల గీతలు, రోలరు నున్నగా దొర్లించిన జాడ, సున్నంతో గీసిన గళ్ళు. గవని చూసేదానికి వచ్చే కార్లు నిలబెట్టే చోటంట. తుమ్మచెట్లు కూడా లేవు, గుర్తు పట్టేదానికి. సంగటి ముద్ద చేతిలో పట్టుకొని, యాడ పెట్టాల్నో తెలీక, పెండ్లింట్లో పిలవని మనిషి మాదిరి నిలబడుకున్నా. ఒక కుక్క నా ఎనకనే తిరుగుతా ఉండె. దానికే పెట్టినా.

మా మరిది కొత్త ఖాకీ గుడ్డలు వేసుకొని కోట కాడ కట్టె పట్టుకొని నిలబడుకొనుండాడు.

"యాడరా మీ అన్న బిళ్ళ?"

"వదినా, అరవొద్దు. ఊరికి మంచి జరుగుతాంటే..."

"యాడ అని అడిగినా."

వాడు కండ్లు గవని పైకి ఎత్తినాడు. గవని మీద చూసినా. కమాను నడుమ, అందరికీ కనపడేట్ల, మేకగిట్ట. దాని రెండు పక్కలా చేపలు, గీతలు, చక్రాలు, మా ఊరి పెద్దోళ్ళందరి తలకాడి బిళ్ళలు, పెళ్ళికూతురి ముక్కుపుడక మాదిరి మెరిసేట్ల నూనె పూసి అతికిచ్చినారు.

"నీకు కాపలా ఉద్యోగం ఇచ్చినారా?" అంటి.

"అవును వదినా. నెలనెలా జీతం. యూనిఫారం గూడా."

"మీ తాతలు ఈ కోటను బయటోని నుంచి కాసినారు. నువ్వు మీ అన్న బొందను బయటోనికి చూపిచ్చి కాపలా సంపాయిచ్చినావు. ఆ గుడ్డలు ఇప్పి దండెం మీద ఏసినా కంపు కొడతాయిరా."

వాడు తల వంచుకొని, "చదును చేసేది నాకు చెప్పలేదు వదినా. బిళ్ళలు ఒక్కటే అన్నారు" అన్నాడు. బిళ్ళలు ఒక్కటే అంట!

కంట్రాక్టరు కాడికి పోయినా. కుర్చీలో కూర్చొని ఫోను చూస్తాండాడు.

"ఏమప్పా కంట్రాక్టరూ, పైన ఉండేది నా మొగుని బొంద బిళ్ళ. దించు."

"అమ్మా, మీరట్లా అనుకోగూడదు. బొందలగడ్డలో ఎవరు చూస్తారు? ఇక్కడైతే వెయ్యిమంది చూస్తారు. మీ ఆయనకు గౌరవం కదా."

"మీ నాయన తలకాడి రాయి తెచ్చి బస్టాండు కక్కసు వాకిలికి కడతా. వెయ్యిమంది చూస్తారు. గౌరవమేనా?"

ఆయప్ప ఫోను కింద పెట్టినాడు. నవ్వు పోయినాది. "కొత్త బిళ్ళ చేయిస్తాలేమ్మా, బట్టీలో. చక్రం కొట్టిస్తా, మేక గిట్ట గూడా కొట్టిస్తా. దుడ్లు ఏమన్నా కావాలంటే..."

ఆయప్ప బూట్ల ముందర ఊసినా. బూట్ల మీద పడలే, అది నా దురదృష్టం. ఆ పొద్దుటి నుంచి నన్ను పనికి రావద్దన్నారు.

మిగతా ఇండ్ల ఆడోళ్ళను అడిగినా. మీ అత్తది చేప బిళ్ళ, మీ నాయనది మూల విరిగిన బిళ్ళ, రండి పోదాం అని. ఒక్కతి కదలలే. "అక్కా, రోడ్డు వేస్తారంట, గవని ముందర అంగడి పెట్టుకోనిస్తారంట, ఊరుకో" అంటారు. సచ్చినప్పుడు గుండెలు బాదుకొని ఏడ్చినోళ్ళే వీళ్ళంతా. నాకు కంట్రాక్టరును చూస్తే ఎంత రోత పుట్టిందో వీళ్ళను చూసినా అంతే పుట్టింది. వాడు బయటోడు, వాడు అంతే. వీళ్ళకేమైంది?

మేడం మళ్ళా వచ్చినప్పుడు చూసి ఏడ్చినాది. "నా వల్లే అయిందమ్మా" అని నా చేతులు పట్టుకొన్నాది. పైకి రాస్తానన్నాది, ఇప్పుడు తీయాలంటే అనుమతి కావాలన్నాది.

"మేడం, ఆ రోము బొందల పెంకులు గూడా ఇట్లనే పీకి గవనికి అతికిచ్చినారా?" అని అడిగినా.

"లేదమ్మా. మ్యూజియంలో పెట్టినారు. అద్దాల పెట్టెలో."

"ఎముకలు?"

ఆయమ్మ మళ్ళా ఏడ్చినాది. నాకు ఆయమ్మ మీద గూడా ఆ పొద్దు మనసు విరిగిపోయినాది. ఏడ్చేదానికి తీరిక ఉండేటోళ్ళను చూస్తే నాకు చిరాకు.

గవని తెరిచే పొద్దు వచ్చినాది. టపాకాయలు, డప్పులు, పూలదండలు. లీడరు వచ్చినాడు, ఎనక ఇరవై కార్లో ముప్పై కార్లో, అన్నీ నా మొగుని మీదనే నిలబెట్టినారు. నేను ముందరికి పోతాంటే మా వీధి ముసలాయన చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఏమ్మా, మొగుడు లేనిదానివి, శుభం జరిగే చోట ఎదురు రాబాకు, పక్కకు నిలబడు." మంచిదప్పా అని పక్కకు నిలబడినా. నా మొగుడు పనికొస్తాడు, నేను పనికిరాను.

పైకెక్కేదానికి నిచ్చెన మాదిరి మెట్లు కట్టినారు. పూజారి ఎక్కి చూసి, మేకగిట్టను వేలితో తడిమి, మొగం ఎలిగిచ్చుకొని కిందికి అరిచినాడు. "అయ్యా! గోమాత పాదం! కామధేనువు అడుగు పడిన ఇటుక ఇది!"

ఆ మాట ఎట్ల పాకిందో చూడాల్సింది. లీడరు చెప్పులు ఇడిసి ఎక్కినాడు. పసుపు పూసినారు, కుంకుమ పెట్టినారు, టెంకాయ కొట్టి ఆ నీళ్ళు గిట్ట మీద పోసినారు. లీడరు బిళ్ళకు నుదురు ఆనించి కండ్లు మూసుకున్నాడు, ఫోటోలోళ్ళు మెరుపులు కొట్టినారు. కంట్రాక్టరు గూడా ఎక్కి మొక్కినాడు, అన్నీ తెలిసినోడు! ఎనక మా ఊరి ఆడోళ్ళు, ఆ బిళ్ళ యాడి నుంచి వచ్చిందో కండ్లారా చూసినోళ్ళు, వరస కట్టి చేత్తో తాకి కండ్లకద్దుకుంటాండారు. చేప బిళ్ళ ఇంటామె ఒళ్ళో పిలగాని తల గూడా ఆనిచ్చినాది.

నేను ఇంతకుముందు రోత అంటే ఏందో తెలుసనుకున్నా. కుళ్ళిన మేకను చూసినా, కక్కసు కడిగినా, మనిషి ఆఖరు గడియల్లో చేసేవన్నీ చేతుల్తో ఎత్తినా. అవేవీ రోత కాదు. ఆ పొద్దు చూసింది రోత.

"అది బొంద బిళ్ళ!" అని అరిచినా.

డప్పులు ఆగలే. ఇంకొకసారి అరిచినా, నా గొంతు ఎట్లాంటిదంటే మేకలను కొండ అవతల నుంచి పిలిచిన గొంతు. "అది ఆవు కాలు కాదు, మేక కాలు! అది నా మొగుని బొంద మీది బిళ్ళ! పీనుగ తలకాడ ఉన్నదాన్ని మొక్కుతాండారు మీరంతా!"

డప్పులు ఆగినాయి. పూజారి చెయ్యి గాల్లోనే నిలబడిపోయినాది.

లీడరు కిందికి చూసినాడు. "ఏమ్మా పెద్దమ్మా, ఏమంటాండావు?"

"నీ కార్లు ఉండేది బొందలగడ్డ. నువ్వు నుదురు ఆనిచ్చింది సచ్చినోని బిళ్ళ. పక్కన ఉండేవన్నీ అవే. నన్ను నమ్మాకు, నీ పక్కన ఖాకీ గుడ్డలేసుకొని ఉండాడే, వాణ్ణి అడుగు. వాని అన్నదే."

మా మరిదిని అందరూ చూసినారు. నిజం చెప్తాండా, వాడు అబద్ధం చెప్తాడనే అనుకున్నా. వాడు కట్టె కింద పడేసి, "అవును సార్. మా అన్నదే" అన్నాడు. అంతే. వాడు పుట్టినందుకు చేసిన ఒక్క మంచి పని.

పూజారి మెట్లు దిగింది నేను చూడలే, దూకినట్లుండాది. లీడరు నుదురు చొక్కాతో తుడుచుకుంటాండాడు, తుడిచేకొద్దీ కుంకుమ ఇంకా పూసుకుంటాది. "ఏమయ్యా కంట్రాక్టరూ, పీనుగ రాయికి నాతో మొక్కిస్తావా? ఎలక్షన్లు పెట్టుకొని?" అని నోటికొచ్చినట్ల తిట్టినాడు. కంట్రాక్టరు, "సార్, హెరిటేజి సార్, మేడం చెప్పినారు సార్" అంటాండాడు. ఒకడు పరిగెత్తి తాగే నీళ్ళ బాటిళ్ళ పెట్టె తెస్తే, లీడరు చొక్కా గుండీలు గూడా ఇప్పకుండా అందరి ముందర నెత్తిన పోసుకున్నాడు. బాటిలు ఎనక బాటిలు. పూజారి గూడా. కంట్రాక్టరు గూడా. వరసలో తాకిన ఆడోళ్ళు చేతులు ఒంటికి దూరంగా పట్టుకొని ఇండ్లకు పరిగెత్తినారు. పిలగాని తల ఆనిచ్చినామె ఏడ్చుకుంటా పోయినాది. నాకు జాలి పడబుద్ధి కాలే.

"పీకేయండి ముందు!" అన్నాడు లీడరు, నీళ్ళు కారుకుంటా. యా అనుమతీ అవసరం రాలే.

బేల్దారి ఒక్కడే ఎక్కినాడు. ఉలి పెట్టి తట్టితే ఊడొచ్చినాది, అంత గొప్ప సిమెంటు. కింద పట్టుకునేదానికి ఎవురూ ముందుకు రాలే. నన్ను ఎదురు రాబాకన్న ముసలాయన గూడా ఆమడ దూరం పోయినాడు. నేను పోయి కొంగు పట్టినా. "జాగ్రత్త అత్తా, బరువు" అని బేల్దారి మెల్లగా జారిచ్చినాడు. పసుపు, కుంకుమ, టెంకాయ పీచు, దండ పూలు, అన్నీ అతుక్కొని ఉండాయి. కొంగుతో తుడిచి ఎత్తుకున్నా. మిగతావి పీకి అగడ్త పక్కన కుప్ప పోసినారు. వాటిని ఆ ఇండ్లోళ్ళు రోజుకొకరు, మొగం చాటేసుకుంటా వచ్చి తీసకపోయినారు. కొన్ని ఇంకా ఆడనే ఉండాయి. తీసకపోయినోళ్ళతో నేను ఇంకా మాట్లాడలే.

ఆ పొద్దే బిళ్ళ ఎత్తుకొని బొందలగడ్డకు పోయినా. లీడరు కార్లన్నీ దుమ్ము లేపుకొని పోయినాయి, నేల మాత్రం మిగిలినాది, చపాతీ మాదిరి నున్నగా. మా మరిది ఎనకాలే వచ్చినాడు. ఖాకీ చొక్కా ఇప్పేసి భుజం మీద వేసుకొనుండాడు.

"నువ్వే కదరా గుంత తవ్వినావు. చూపిచ్చు" అంటి.

వాడు ఆడ నిలబడినాడు, ఈడ నిలబడినాడు. "ఈ పక్కన తుమ్మచెట్టు ఉండె వదినా. దానికి తూర్పున... కాదు, ఆ గట్టు ఈడ దాకా ఉండె కదా..." అని తిరిగినాడు, తిరిగినాడు. ఆఖరికి కింద కూర్చున్నాడు. "తెలీదు వదినా. దొరకదు ఇంగ."

నాకు గూడా తెలీదు. ఆ నేలలో యాడ చూసినా ఒకటే మాదిరి ఉండాది. బిళ్ళను మళ్ళీ ఇంటికి తీసకపోదామా అనుకున్నా. అట్ల చేస్తే వాండ్లు గెలిచినట్లే, ఈ నేల ఇంగ ఎప్పటికీ కార్లదే. ఒక సున్నం గడి నడుమ నిలబడి, "ఈడ" అన్నా.

"ఈడేనా? నీకెట్ల తెలుసు?"

"తెలీదు. ఈడ అని నేను చెప్తాండా. నేను పోతే నన్ను ఈడ పెట్టండి. ఆయప్ప ఈ నేలలో యాడో ఒకచోట ఉంటాడు కదా. గుర్తు నాకు కావాలప్పా, ఆయప్పకు కాదు."

వాడు చేతుల్తోనే కొంచెం తవ్వినాడు. బిళ్ళను నిలబెట్టి మట్టి తొక్కినాం. పనైనాక వాడు ఇంటికి పోయి తలకు పోసుకుంటా అన్నాడు. నేను పోలే, ఆడనే పక్కన కూర్చున్నా. అప్పుడే గవని చూసేదానికి ఒక కారు వచ్చినాది, లోపల పాటలు, పిల్లోళ్ళు, కూల్‌డ్రింకులు. నేను కూర్చున్న గడిలోనే నిలబెట్టుకోవాలంట. డ్రైవరు అద్దం దించి, "ఏయ్ ముసలమ్మా, లెయ్, ఇది పార్కింగు" అన్నాడు.

"మనిషి ఉండాడు, పక్కకు పో" అంటి.

వాడు హారను కొట్టినాడు. కొట్టి కొట్టి వాని చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినాడు. నేను లేవలే.